లెక్క వ్రాయువాడెవడు?

ఒక వస్తువును మెచ్చుకొనుటకును, దానిని విమర్శించుటకును భేదము కలదు. మెచ్చుకొనువాడు తన సంతోషమును మాత్రమే తెలుపును. విమర్శకుడో, ఆ వస్తువు దేనికి తగినదో, దేనికి తగనిదో కూడ తెలుపవలెను. గోల్ఫు వీడియో ఆటలనుగూర్చి పత్రికలలో వెలువడిన అభిప్రాయములు ఈ భేదమును మన బాలబాలికలకు చక్కగా బోధింపగలవు.

మన వినగడప ప్రాంతమున పొలములును మామిడితోటలును గలవు గాని గోల్ఫు మైదానములు లేవు. కావున ఆ క్రీడనుగూర్చి రెండు మాటలు చెప్పుట యవసరము. విశాలమైన పచ్చికబయలున 18 గుంటలుండును. ఒక్కొక్క గుంట వెడల్పు 4¼ అంగుళములు. చిన్న బంతిని కఱ్ఱతో కొట్టుచు, తక్కువ దెబ్బలతో ఆ గుంటలన్నిటను వేసినవాడే విజేత. ఆటగాని వెంట ప్రతి యడుగునను తీర్పరి యుండడు. తన తప్పును తానే చెప్పుకొనుట ఆ క్రీడాధర్మము.

ఈ క్రీడను అచ్చముగా అనుకరింపవలెనని పలువురు యత్నించిరి. కెనడా దేశపు హెచ్.బి. స్టూడియోస్ వారు 2014లో ‘ది గోల్ఫ్ క్లబ్’ అను ఆటను వెలువరించిరి. బంతి నడక సహజముగా నున్నదనియు, ఎవరి మైదానమును వారే నిర్మించుకొను సౌకర్యము మిగుల బాగున్నదనియు విమర్శకులు కొనియాడిరి. క్రొత్తవారికి కష్టమనియు, ప్రసిద్ధ మైదానములు లేవనియు ఆక్షేపించిరి. హైదరాబాదునందును కార్యాలయము గల ఎలెక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ 2015లో రోరీ మెకిల్రాయ్ పేరిట వెలువరించిన ఆటలో దృశ్యములు రమ్యములైనను సరకు తక్కువయని యనిరి. అదే సంస్థ 2023లో వెలువరించిన ఆటలో అమెరికాలోని అగస్టా మైదానపు సొంపును మెచ్చుకొనిరి గాని, ఆటను కొన్న పిమ్మటను లోపల మరల సొమ్ము పుచ్చుకొను అంగడిని మెచ్చరైరి.

ఈ తీర్పులు న్యాయములే. పచ్చిక, గాలి, బంతి, మూల్యము — అన్నియు తూచబడినవి. కాని నిజమైన గోల్ఫునకు ప్రాణమైన యొకటి ఈ త్రాసున కెక్కలేదని నా యభిప్రాయము.

2024వ సంవత్సరమున అమెరికాలోని అట్లాంటా నగరమున జరిగిన టూర్ ఛాంపియన్‌షిప్ పోటీని చూడుడు. హైదరాబాదునుండి వలసపోయిన తెలుగు కుటుంబమున జన్మించిన తీగల సాహిత్ అందు పాల్గొనెను. మూడవనాటి ఆటలో, ఇసుకగుంటనుండి బంతిని కొట్టుటకై కఱ్ఱను వెనుకకెత్తునపుడు అది ఇసుకను తాకినట్లు అతనికి తోచెను. వెంటనే అధికారులకు తానే తెలిపి, 2 దెబ్బల దండనను స్వీకరించెను. తుదకు సరిగా 2 దెబ్బల తేడాతోనే రెండవ స్థానమును కోలుపోయి మూడవవాడయ్యెను. రెండవవానికి 125 లక్షల డాలర్లు, మూడవవానికి 75 లక్షల డాలర్లు!

వీడియో ఆటలో ఇట్టి ఘట్టము సంభవింపదు. అచట యంత్రమే తీర్పరి, యంత్రమే లేఖరి. ఆటగాడు దాచదలచినను దాచలేడు; చెప్పదలచినను చెప్పుటకేమియు లేదు. పచ్చికలో ప్రతి గడ్డిపోచను చూపగల యంత్రము, మనుష్యుని మనస్సాక్షికి మాత్రము చోటు చూపలేదు.

“వినోదమునకై చేసినదానియందు నీతిని వెదకుట యేల?” యని కొంద ఱనవచ్చును. నేను ఆ యాటలను నిషేధింపుమనుట లేదు. గాలిని లెక్కించుటయు, ఓపికతో గుఱి చూచుటయు వానివలన కొంత యలవడును. కాని ‘అచ్చము నిజమువలెనే యున్నది’ అను మాటను విమర్శకుడు వాడునపుడు, నిజమునం దేభాగము వచ్చినది, ఏభాగము రాలేదు అని చెప్పుట అతని విధి. ఆ మాటను నమ్మి బిడ్డలకు ఆటలు కొనియిచ్చు తలిదండ్రులును ఈ ప్రశ్నను అడుగుట మేలు.

విద్యార్థులారా! యంత్రము లెక్క వ్రాయుచోట నిజాయితీ సులభము. అది మీ గుణము గాదు, యంత్రపు గుణము. పరీక్షాశాలయందు ఉపాధ్యాయుడు వెనుదిరిగిన క్షణమునను, అంగడివాడు పొరపాటున చిల్లర యెక్కువ యిచ్చిన క్షణమునను లెక్క వ్రాయువారు మీరే. ఆ లెక్కను సరిగా వ్రాయ నేర్చినవాడు గోల్ఫు కఱ్ఱను ఎన్నడును పట్టకున్నను, ఆ క్రీడయందలి సారమును గ్రహించినవాడే.