అడగాల్సింది డాక్టరు, పోలీసు కాదు

ఆసిఫాబాద్, ఆదిలాబాద్ పల్లెల్లో పత్తి, కంది చేల నడుమ గంజాయి మొక్కలు పట్టుబడ్డాయన్న వార్త మనకు కొత్త కాదు. కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లిలో కుర్రాళ్ల జేబుల్లో పొట్లాలు దొరికాయన్న వార్తా అంతే. సరుకు ఎన్ని కిలోలు, ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడికి పోతోంది అన్నీ ప్రెస్‌మీట్‌లో చెబుతారు. ఆ పొట్లం కొన్నవారిలో కిడ్నీ మార్పిడి చేయించుకున్న మనిషి ఉంటే మాత్రం ఆ సంగతి ఏ లెక్కలోకీ రాదు. మందులు రాసే డాక్టరుకు కూడా తెలియదు. ఆయనకు తెలిసి తీరాలి, ఆ మాట పోలీసు స్టేషన్ గడప తొక్కకూడదు.

మార్చిన కిడ్నీని ఒంట్లోని రక్షణ వ్యవస్థ ఎన్నేళ్లయినా పరాయిదిగానే చూస్తుంది. దాన్ని అదుపులో పెట్టేందుకు ఎక్కువమందికి ఇచ్చే ప్రధానమైన మందు టాక్రోలిమస్. రక్తంలో దాని స్థాయి తగ్గితే ఒళ్లు కిడ్నీని తిరస్కరిస్తుంది (రీజెక్షన్), పెరిగితే ఆ మందే కిడ్నీని దెబ్బతీస్తుంది, చేతులు వణుకుతాయి, షుగర్ పెరుగుతుంది. అందుకే లెవెల్ టెస్ట్ చూసి డోసును ఇటూ అటూ సర్దుతుంటారు. ఈ మందును విరిచే పని పేగుల్లో, కాలేయంలో ఉండే సీవైపీ3ఏ4 అనే ఎంజైమ్‌ది. గంజాయిలోని కన్నాబిడయాల్ ఆ ఎంజైమ్‌కు అడ్డుపడుతుంది. మూర్ఛకు భారీ మోతాదులో కన్నాబిడయాల్ వాడిన ఒక రోగిలో, ఇచ్చిన డోసుతో పోల్చి చూస్తే టాక్రోలిమస్ స్థాయి దాదాపు మూడింతలైందని 2019లో అమెరికా వైద్యులు నమోదు చేశారు. మన దగ్గర అమ్మే గంజాయిలో అంత కన్నాబిడయాల్ ఉండదు, నిజమే. కానీ ఎంత ఉందో అమ్మినవాడికీ తెలియదు, తాగినవాడికీ తెలియదు. పొట్లానికో తీరు. లెవెల్ ఎందుకు పెరిగిందో తెలియని డాక్టరు డోసు తగ్గిస్తాడు. రోగి నాలుగు వారాలు గంజాయి మానేస్తే ఆ తగ్గించిన డోసు చాలక కిడ్నీకే ముప్పు వస్తుంది. అదే ఎంజైమ్‌కు అడ్డుపడే పంపరపనస తినొద్దని జాగ్రత్తలు చెప్పే ఆసుపత్రుల్లో గంజాయి ఊసెత్తేవి ఎన్ని?

ఇంకో ప్రమాదం బూజుది. సరిగా ఎండని గంజాయిలో ఆస్పర్‌జిల్లస్ బీజాలు ఉంటాయి, నిప్పు పెట్టినా అన్నీ చావవు. ఆరోగ్యవంతుడి ఊపిరితిత్తులు వాటిని తట్టుకుంటాయి. రోగనిరోధక శక్తిని మందులతో అణచిపెట్టుకున్నవాడికి అదే న్యుమోనియాగా మారి ప్రాణం మీదికి వస్తుంది. గంజాయి పీల్చిన కిడ్నీ మార్పిడి రోగికి ఇలాంటి ఇన్ఫెక్షన్ సోకిన ఉదంతం 1990ల నాటి వైద్య పత్రికల్లోనే ఉంది. ఇక భాంగ్ సంగతి. మత్తుమందుల చట్టం ప్రకారం భాంగ్ చేసే ఆకు గంజాయి కిందికి రాదు, పూలగుత్తులే వస్తాయి. చట్టం గీసిన ఆ గీత టాక్రోలిమస్‌కు పట్టదు. నొప్పికి మంచిదనో, శివుడి ప్రసాదమనో పుచ్చుకునేవారు ఇది గమనించాలి.

అలాగని ఒకప్పుడు గంజాయి తాగాడన్న ఒక్క కారణంతో మనిషిని వెయిటింగ్ లిస్టు నుంచి కొట్టేయాలన్న వాదనను మేం ఒప్పుకోం. 2016లో అమెరికాలో 1,225 మంది కిడ్నీ గ్రహీతలను పరిశీలించిన అధ్యయనంలో గంజాయి వాడిన 56 మందికి మిగతావారి కంటే చెడు ఫలితాలు కనిపించలేదు. 50 వేలకు పైగా మార్పిడులను పరిశీలించిన 2019 నాటి మరో అధ్యయనం అసలు తేడా ఎక్కడుందో చూపింది. ఆపరేషన్ తర్వాత గంజాయికి బానిసలైనవారిలో కిడ్నీ పాడయ్యే ముప్పు దాదాపు రెట్టింపు. మందులు మానేయడం, మద్యం, మానసిక సమస్యలు కూడా ఈ అలవాటు వెంటే నడుస్తాయి కాబట్టి తప్పంతా గంజాయిదేనని తేల్చడం కష్టం. కానీ ముప్పు ఎవరికో తేలింది. వైద్యం కోసం గంజాయి వాడేవారికి ఆ కారణంతోనే అవయవాన్ని నిరాకరించరాదని కాలిఫోర్నియా 2015లో చట్టమే చేసింది. మన దగ్గర అంత దూరం పోనక్కర్లేదు. నిన్నటి అలవాటుకు శిక్ష వేయకుండా, రేపు మానేలా సాయం చేస్తే చాలు.

సాయం చేయాలంటే ముందు రోగి నోరు విప్పాలి. ఎందుకు విప్పుతాడు? 1985 నాటి మత్తుమందుల చట్టంలోని 27వ సెక్షన్ కింద గంజాయి తాగడమే నేరం, ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. తెలంగాణలో పోలీసులు యూరిన్ కిట్లతో రోడ్ల మీదే పరీక్షలు చేస్తున్న కాలమిది. స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చిన వ్యసనపరుణ్ని కేసు నుంచి తప్పించే 64ఏ సెక్షన్ కూడా అదే చట్టంలో ఉంది. దాని పేరు విన్న రోగి ఎవరు? పైగా మన ఇళ్లలో కిడ్నీ ఇచ్చేది ఎక్కువగా తల్లో, భార్యో. ఆమెను పక్కన కూర్చోబెట్టి "గంజాయి అలవాటుందా?" అని అడిగితే లేదనే అంటాడు. ఏకాంతంలో, తిట్టకుండా అడగాలి.

అడగడానికి డయాలసిస్ మంచాన్ని మించిన చోటు లేదు. ఆదిలాబాద్ రిమ్స్‌లో, కరీంనగర్ ప్రభుత్వాసుపత్రిలో రోగులు వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు అక్కడే ఉంటారు. పేరు అవయవాల కోసం ఎదురుచూసేవారి జీవన్‌దాన్ జాబితాకు ఎక్కకముందే అలవాటు సంగతి తెలిస్తే మాన్పించేందుకు నెలల సమయం చిక్కుతుంది. ఆ పనీ జిల్లాలోనే జరగాలి. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ సుమారు 300 కిలోమీటర్లు. కౌన్సెలింగ్ కోసం అక్కడి ఎర్రగడ్డ మానసిక వైద్యశాల దాకా రమ్మంటే కూలి మానుకుని ఎవరూ రారు. మార్పిడి ఆపరేషన్‌కు ఆరోగ్యశ్రీ కింద లక్షలు భరిస్తున్న ప్రభుత్వం, ఆ కిడ్నీ నిలబడేందుకు జిల్లా ఆసుపత్రి సైకియాట్రిస్టు సమయంలో ఒక గంటను ఈ రోగులకు కేటాయించలేదా? మానసిక ఆరోగ్య సాయానికి టెలిమానస్ 14416, మత్తు విముక్తికి 14446 నంబర్లను ప్రతి డయాలసిస్ గదిలో తెలుగులో, గోండులో రాసి పెట్టలేదా?

వైద్య ఆరోగ్యశాఖ, హోంశాఖ కలిసి ఒక సర్క్యులర్ ఇవ్వాలి. కిడ్నీ రోగి గంజాయి గురించి ఆసుపత్రిలో చెప్పిన ఏ మాటా, చేయించుకున్న ఏ పరీక్షా పోలీసులకు అందకూడదని, 64ఏ రక్షణ గురించి రోగికి ముందే చెప్పాలని, మార్పిడి అయినవారికి ప్రతి లెవెల్ టెస్ట్‌తో పాటు ఈ ప్రశ్న కూడా వేయాలని అందులో స్పష్టంగా రాయాలి. ఇందుకు కొత్త భవనాలు అక్కర్లేదు, కొత్త చట్టమూ అక్కర్లేదు. ఈ నెలలోనే ఆ ఉత్తర్వు వెలువడాలి.