అడవికి కంచె ఉంది, బంచరాయికి దిక్కెవరు?

2021లో పండ్ల మార్కెట్ బాటసింగారం తరలిపోయేదాకా దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ మన రైతులకు బాగా తెలిసిన చోట్లే. మామిడి, బత్తాయి లోడుతో తెల్లవారకముందే గడ్డిఅన్నారం చేరినవాళ్లం మనమే. హయత్‌నగర్ దాటి వస్తుంటే ఇళ్లు, షెడ్ల నడుమ ఒక్కచోట మాత్రం చెట్లు కనిపించేవి. అదే వనస్థలిపురం దగ్గరి మహావీర్ హరిణ వనస్థలి.

దాదాపు 3,600 ఎకరాల ఈ అడవి ఒకప్పుడు నిజాం వేటస్థలం. 1975లో కృష్ణజింకల రక్షణకు కేటాయించారు, 1994లో జాతీయ పార్కుగా ప్రకటించారు. సాగర్ రోడ్డులో గుర్రంగూడ సంజీవని వనం కూడా ఇలాంటిదే. నేడు కాలనీల జనం పొద్దున్నే ఆ బాటల్లో నడిచి ఊపిరి పీల్చుకుంటున్నారు. సంతోషించవలసిన విషయమే.

కానీ ఆ అడవి మిగిలింది దానికి హద్దు, చట్టం, కాపలా ఉన్నాయి కనుక. చుట్టుపక్కల ఊళ్ల బంచరాయిలకు, చెరువు శిఖాలకు, వాగులకు ఆ మూడూ లేవు. ముక్కలు ముక్కలుగా ప్లాట్లయ్యాయి. ఫలితం 2020 అక్టోబరు వానల్లో చూశాం. సరూర్‌నగర్ చెరువు కింది కాలనీల్లో ఇళ్లలోకే నీళ్లొచ్చాయి. నీళ్లు తమ పాత దారి వెతుక్కున్నాయి, ఆ దారిలో ఇళ్లున్నాయి.

అదే వరస ఇప్పుడు మన వైపు వస్తోంది. ప్రాంతీయ రింగురోడ్డు పేరు వినగానే చౌటుప్పల్ నుంచి యాచారం దాకా భూముల ధరల మాటే. పట్టా భూమికి కనీసం యజమాని ఉన్నాడు, అడ్డుపడతాడు, కోర్టుకెళతాడు. ఊరుమ్మడి భూమి పోతే ఎవరూ అడగరు. గొర్రెల మేత, బోర్లలో నీళ్లు, ఎండాకాలం పశువుల నీడ మాత్రం దానితోపాటే పోతాయి.

అడవి అనగానే రైతుకు గుర్తొచ్చేది కేసులు, కందకాలు, చేను తొక్కే అడవిపందులు. ఆ భయం ఉత్తదేమీ కాదు. 1992 నుంచి వన సంరక్షణ సమితుల పేరిట ఊళ్లు అడవిని కాపాడాయి, అధికారం మాత్రం శాఖ చేతిలోనే ఉండిపోయింది. 2006 అటవీ హక్కుల చట్టం సామూహిక వనరులను కాపాడుకునే హక్కును గ్రామసభకు ఇచ్చినా అమలు నత్తనడకే. అందుకే మేం కోరేది జనాన్ని బయట నిలబెట్టే కంచె కాదు, ఊరే కాపలా కాసే భూమి.

ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించి గ్రామానికి తిరిగి అప్పగించాలని 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఆ తీర్పే మనకు ఆధారం. ప్రభుత్వాన్ని మేం అడిగేది ఇదీ: ప్రతి గ్రామంలో బంచరాయి, శిఖం, వాగు సర్వే చేసి హద్దురాళ్లు పాతాలి. సర్వే నంబర్లు పంచాయతీ గోడ మీద రాయాలి. గ్రామసభ ఒప్పుకోకుండా ఒక్క గుంట కూడా బదలాయించరాదు. అడవిలో నడకబాటలు వేస్తే మేత దారులు మూయకూడదు, టికెట్ డబ్బులో ఊరికి వాటా, బాట పనుల్లో ఊరి యువతకు ఉపాధి ఉండాలి. అడవి జంతువుల వల్ల పంట పోతే అదే సీజన్‌లో పరిహారం చెల్లించాలి.

చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలి. వచ్చే సభకు మన సంఘం గ్రామశాఖలు ఊరుమ్మడి భూముల జాబితాతో వెళ్లాలి. జాబితా లేకపోతే పెద్దమనుషులను వెంటబెట్టుకుని ఒకరోజు హద్దులు నడిచి రాసుకోవాలి. ఎల్బీనగర్ చుట్టూ ఊళ్లు ఉన్నప్పుడు ఆ పని జరగలేదు. మన ఊళ్లు ఇంకా ఊళ్లుగానే ఉన్నాయి.