సద్ది పంచిననే సద్ది



పెత్రమాస సమీపించుచున్నది. మా మోర్తాడు చుట్టుపట్ల పసుపుచేలు పచ్చగా నిండియున్నవి. చేలగట్ల గునుగు, బీడులలో తంగేడు విరియబూయుచున్నవి. ఈ దినములలో పలువురు గృహిణులు మమ్ము ఒకే ప్రశ్న యడుగుచున్నారు: “తొమ్మిది నాళ్ళ నైవేద్యములను ఒంటిచేతితో చేయుట సాధ్యమా? అంగడి మిఠాయి పొట్ల మొకటి తెచ్చి ముగింపరాదా?” అని. దీనికి సమాధానము ఆ నైవేద్యముల వరుసలోనే యున్నది.

భాద్రపద అమావాస్యనాటి ఎంగిలిపూల బతుకమ్మకు నువ్వులు, బియ్యపు నూకలు. రెండవనాడు అటుకులు, బెల్లము. మూడవనాడు ముద్దపప్పు. నాలవనాడు పాలు, బెల్లముతో నానబియ్యము. ఐదవనాడు అట్లు. ఆరవనాడు అమ్మ యలిగినదని నైవేద్యమే లేదు. ఏడవనాడు వేపకాయల రూపమున వేచిన బియ్యపుపిండి. ఎనిమిదవనాడు నువ్వులు, బెల్లముతో వెన్నముద్దలు. తొమ్మిదవనాడు, అనగా ఆశ్వయుజ శుద్ధాష్టమినాడు, సద్దులు. ఊరూరికిని కొంత భేదము కలదు. కాని ఇందులో కూలివాని యింట దొరకనంత విలువగల వస్తువేదియు లేదని గమనింపుడు. ఇవి కలవారి కొరకు ఏర్పడిన విధులు కావు.

ఇక సద్ది యననేమి? పొలమునకో, పయనమునకో మూటగట్టుకొని పోవు అన్నము. పెరుగు, చింతపండు, నిమ్మ, కొబ్బరి, నువ్వులు – ఈ ఐదింటితో ఐదు సద్దులు కలుపుదురు. రొట్టెను నలిపి బెల్లము చేర్చిన మలీద, సత్తుపిండియు తోడగును. ఐదును చేయలేని యిల్లాలు ఒక్కటే చేసికొని చెరువుగట్టునకు వచ్చును. బతుకమ్మను సాగనంపిన పిమ్మట ఇచ్చిపుచ్చుకొనుటలో ఆమె విస్తరిలోనికిని ఐదును చేరును. ఒంటిచేతి పనిని పదిచేతుల పనిగా చేయుటయే ఈ యాచారపు మర్మము.

ఇది మనకు మాత్రమే తెలిసిన మర్మము కాదు. చీనావారు తమ యైదవ నెల యైదవనాడు జిగటబియ్యమును ఆకులలో చుట్టి దారముతో కట్టి ఉడికింతురు. దానిని జోంగ్జి యందురు. క్రీస్తుపూర్వము మూడవ శతాబ్దమున మీలో నదిలో మునిగి ప్రాణము విడిచిన కవి చ్యూయువాన్ కొరకు ప్రజలు నదిలో బియ్యము చల్లిరని వారి యైతిహ్యము. ఎనిమిదవ నెల పున్నమికి తీయని పూర్ణముగల చంద్రరొట్టెలను చేసి బంధుమిత్రులకు పంపుకొందురు; ఇంటిల్లిపాదియు ఒక్క రొట్టెనే ముక్కలుగా కోసి పంచుకొనుటయు కలదు. ఎంత దూరదేశమైనను పండుగ వంట వండినవారి నోటికే పరిమితము కాలేదు.

మరి మనయందేమి జరుగుచున్నది? 2014లో తెలంగాణము రాష్ట్రమైనప్పుడు బతుకమ్మ రాష్ట్రపు పండుగగా ప్రకటింపబడినది. వేదికలు పెరిగినవి, దీపములు పెరిగినవి. కాని మూత బిగించిన డబ్బా తెచ్చి, మూత తీయకయే యింటికి గొనిపోవువారును పెరిగిరి. మా ప్రాంతమున మగవారు గల్ఫు దేశములకు పోగా పిల్లలతో ఒంటరిగా నున్న యిల్లాండ్రు అనేకులు. భర్తను గోల్పోయిన సోదరీమణులు గట్టుమీద ఒక ప్రక్కగా నిలుచుట మనమందరము చూచుచున్నదే. సద్ది పంచుకొనుట మానినచో మొదట వెలితి పడునది వీరికే. పువ్వు కోసి తెచ్చిన చేతికి సద్ది పుచ్చుకొనుటకు అర్హత లేదా? మొదటి పిడికెడు వారి చేతనే యుంచుడని మా మనవి.

కావున వాడలోని ఐదిండ్లవారు ముందుగా కూడి ఇంటి కొక్క సద్ది చొప్పున పంచుకొనుడు. ఎవరికిని భారము కాదు. తీరిక కలవారు సత్తు చేయుడు: మొక్కజొన్నలు, పెసలు, నువ్వులు, పల్లీలు వేర్వేరుగా దోరగా వేయించి, బాగుగా చల్లారిన పిదప విసరవలెను. వేడిమీద విసరినచో పిండి చెమర్చును. నువ్వులను, పల్లీలను బరకగా నుండగనే ఆపవలెను. లేకున్న నూనె తేలును. చక్కెర కలిపి తడి తగులనీయక దాచినచో చాలదినములు నిలుచును. దుబాయిలో నున్న వారికిని ఒక పొట్లము పంపవచ్చును. పయనమునకు పనికివచ్చునదే గదా సద్ది!