పాల లెక్కకు కంప్యూటరు తోడు

ప్రోగ్రాము రాయాలంటే ఏర్పేడు ఐఐటీలో సీటు రావాలనుకునే రోజులు పోయాయి. ఏం కావాలో తెలుగులో చెప్పినా కృత్రిమ మేధ రాసి పెడుతోంది. 2021లో గిట్‌హబ్ కోపైలట్, 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాయి. కోడు చదవకుండానే యంత్రంతో రాయించుకునే పద్ధతికి 2025 ఫిబ్రవరిలో ఆండ్రే కార్పతీ అనే నిపుణుడు 'వైబ్ కోడింగ్' అని పేరు పెట్టారు. ఇది పల్లెలకు పనికొస్తుందా? వస్తుందనే నా అభిప్రాయం. అయితే ఒక షరతు ఉంది.

నేను చదివింది ఇంటర్మీడియెట్టే. పాలకేంద్రం పూటపూటా ఇచ్చే చీటీలతో పదిహేను రోజుల బిల్లును సరిచూసుకునేందుకు ఫోనులోనే చిన్న ప్రోగ్రాము రాయించాను. ఒక్క సాయంత్రంలో అయిపోయింది, పైసా ఖర్చు లేదు. చూస్తే బిల్లులో తేడా! కేంద్రంలో మోసం జరుగుతోందని నలుగురిలో గట్టిగానే అనేశాను.

అక్కడి పెద్దాయన కోప్పడలేదు. పెన్సిలు తీశారు. ఉదయం 4 కిలోల పాలు, వెన్న 3.5 శాతం, అంటే 140 గ్రాములు. సాయంత్రం 2 కిలోలు, 4.5 శాతం, అంటే 90 గ్రాములు. మొత్తం 230. నా ప్రోగ్రామేమో రెండు శాతాలకూ సగటు 4 అని కట్టి, 6 కిలోలకూ అదే వేసి 240 చూపింది. పొద్దుటి పాలు ఎక్కువ, సాయంత్రంవి తక్కువ అన్న సంగతి దానికి పట్టలేదు. తప్పు చూపగానే క్షణంలో దిద్దింది. నేను తూలిన మాటను దిద్దుకోవడానికి నాకు వారం పట్టింది.

ఈ యంత్రం లోకంలోని కోడునంతా చూసి నేర్చుకున్నదే గాని, మన చీటీని చూసింది కాదు. తప్పును కూడా ధీమాగానే చెబుతుంది. కనుక మామిడికాయల తూకమైనా, పొదుపు సంఘం వడ్డీ అయినా, ముందుగా జవాబు తెలిసిన రెండు మూడు పాత లెక్కలు ఇచ్చి చూడాలి. చేత్తో కట్టడం రాని లెక్కను దానికి అప్పగించకపోవడమే మేలు. ఆధార్, బ్యాంకు నంబర్లు అసలు ఇవ్వకూడదు సుమా!

కంప్యూటర్లున్న హైస్కూళ్లలో ప్రోగ్రాము రాయించడంతోపాటు సరిచూడటం కూడా నేర్పే విషయం విద్యాశాఖ అధికారులు ఆలోచించాలి. సంఘం పుస్తకాలు రాసే ఆడపిల్లలకు ముందుగా నేర్పితే మరీ మంచిది.

పెద్దాయన తన కేంద్రం లెక్కలకూ అలాంటిది కావాలన్నారు. ఈ ఆదివారం పాత చీటీల కట్ట ముందేసుకుని ఇద్దరం కూర్చుంటున్నాం.