మంట ఒకరికి, రుచి అందరికా?



జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతముల వారికి మిరపకాయను గూర్చి చెప్పడమంటే చేపపిల్లకు ఈత నేర్పినట్లే. చిల్లకల్లు చుట్టుప్రక్కల చేలలో సంక్రాంతి దాటినది మొదలు మిరప కోతలే. కోత పండుగకు మన సంఘస్థులు తెచ్చే కానుకలలోనూ మిరపకాయల సంచి ఉంటుంది. అయినను గృహ దర్శనములకు వెళ్ళినప్పుడు మేము ఒక సంగతి గమనిస్తున్నాము. పెరుగన్నములో నంజుకొనే చల్ల మిరపకాయలను మాత్రము చాలా ఇళ్ళలో కొట్టులో పొట్లముగా కొంటున్నారు.

ఎందుకమ్మా అని అడిగితే, "తీరిక లేదండి, చేతులు మండిపోతాయండి" అంటారు సహోదరీలు. ఆ మాటలో న్యాయమున్నది. పగలంతా కూలికి మిరప కోసి వచ్చిన చేతులతోనే రాత్రి ఇంట్లో మళ్ళీ కాయలకు గాట్లు పెట్టాలంటే ఎవరికైనా కష్టమే. కనుక ఈ నెల చేసే విధానముతో పాటు, ఆ పని ఎవరు చేయాలన్నది కూడ ఆలోచిద్దాము.

ముందుగా విధానము. కిలో పచ్చిమిరపకాయలు తీసుకోండి. కాస్త లావుగా, కారము తక్కువగా ఉన్నవి మంచివి. కడిగి, తడి లేకుండ ఆరబెట్టి, తొడిమలు తీయకుండనే ఒక్కొక్క కాయకు మధ్యలో నిలువుగా గాటు పెట్టండి. కొనల వరకు చీల్చవద్దు. లీటరు పుల్లని పెరుగును చిలికి, 150 గ్రాముల ఉప్పు, ఇష్టమైతే కొంచెము వాము కలిపి, కాయలను జాడీలో మూడు దినములు నానవేయండి. నాలుగవ ఉదయము కాయలను తీసి గుడ్డమీద ఎండబెట్టి, సాయంత్రము తిరిగి అదే మజ్జిగలో వేయండి. మజ్జిగంతా కాయలు పీల్చుకొనేదాక ఇట్లు చేసి, ఆ తరువాత గలగలలాడేటట్లు బాగుగా ఎండనివ్వండి. మన మెట్ట ప్రాంతపు మార్చి, ఏప్రిల్ ఎండలకు వారము చాలును. తినేటప్పుడు సన్నని సెగమీద నూనెలో వేయించుకోవాలి.

ఇందులో ఉన్న కిటుకేమి? ఉప్పు కాయలోని నీటిని లాగివేస్తుంది. పులుపు, ఉప్పు కలిసి చెడు సూక్ష్మజీవులను పెరగనివ్వవు. మిగిలిన తడిని ఎండ తీసివేస్తుంది. ఇక కాయలోని మంటకు కారణము క్యాప్సైసిన్ అనే పదార్థము. అది గింజలో ఉన్నదని అనుకొంటాము గాని, ఎక్కువ భాగము గింజలను పట్టుకొని ఉండే తెల్లని పొరలో ఉంటుంది. అది నీళ్ళలో సరిగా కరగదు, కొవ్వులో కరుగుతుంది. నోరు మండినప్పుడు మంచినీళ్ళకంటె పెరుగు ఉపశమనమిచ్చేది అందుకే. చేతులు మండినా ముందు కొంచెము నూనె రాసుకొని, పిదప సబ్బుతో కడుగుకోవాలి. ఆ చేతులతో కన్నులు నలుపుకోకండి, పసిపిల్లలను తాకకండి.

కొన్ని దేశములలో ఇదే పని తీపితో చేస్తారు. అమెరికాలో హలపేన్యో అనే మిరపకాయలను చక్కెర పాకములో నిలువ చేసుకొంటారు. మనమూ చేయవచ్చును. పావుకిలో పంచదార, 100 మిల్లీలీటర్ల వెనిగర్ కలిపి ఐదు నిమిషములు మరిగించి, చక్రాలుగా కోసిన పావుకిలో మిరపకాయలను వేసి మరి నాలుగు నిమిషములు ఉంచండి. కాయలను తీసి సీసాలో వేసి, పాకమును కొంచెము చిక్కబరచి పైన పోయండి. ఫ్రిజ్‌లో పెట్టి ఒక నెలలో వాడుకోండి. ఇక్కడ ఉప్పు చేసిన పని పంచదార చేస్తుంది. మరిగేటప్పుడు ఘాటు గొంతు పట్టుకొంటుంది గనుక కిటికీలు తెరచి ఉంచండి.

రెండు హెచ్చరికలు. చల్ల మిరపకాయలలో ఉప్పు ఎక్కువ. రక్తపోటు ఉన్న పెద్దలు ఒకదానితో ఆపాలి. పాకము మిరపకాయలు మధుమేహము ఉన్నవారికి తగవు. ఎండిన కాయలకు బూజు పడితే తుడిచి వాడకండి. కొన్ని బూజులు విడిచే విషము వేయించినా పోదు. పారవేయడమే క్షేమము.

చేలో ఉన్నదానిని ఇంట్లో నిలువ చేసుకొంటే రైతు కష్టము తీరిపోతుందని మేము చెప్పము. 2025 ఫిబ్రవరిలో మిరప ధర పడిపోయి, కేంద్ర ప్రభుత్వము క్వింటాలుకు 11,781 రూపాయలు జోక్యపు ధరగా ప్రకటించవలసి వచ్చినది. అంతటి నష్టమును ఒక జాడీ పూడ్చలేదు. అయితే కొట్టులో పెట్టే డబ్బు మిగులుతుంది, పిల్లలకు పని తెలుస్తుంది.

ఇక మొదటి ప్రశ్న. కాయలకు గాట్లు పెట్టడానికి కండబలము అక్కరలేదు, చదువు అక్కరలేదు. చాకు, ఓపిక ఉంటే చాలును. సోదరులారా, కిలో కాయలను ఒక్కరు కోస్తే రాత్రంతా మంట. నలుగురు కూర్చుంటే అరగంట పని. చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడుగుకొని పెద్దపిల్లలనూ కూర్చోబెట్టండి. ఎండలో పోయడము, సాయంత్రము మరువక తీయడము తాతగారికి అప్పగించండి. కంచములో మిరపకాయ కరకరలాడినప్పుడు బాగున్నదని మెచ్చుకోవడము మంచిదే. దానికి ముందు, గాటు పెట్టేటప్పుడు ప్రక్కన కూర్చోవడము ఇంకను మంచిది.