తల్లి యింటిపేరు

స్పెయిన్ దేశమున బిడ్డకు తండ్రి యింటిపేరును, తల్లి యింటిపేరును రెండును చేర్చి పెట్టుట ఆచారము. అందు తండ్రిదే ముందుండవలెనని పూర్వము శాసనము. 1998వ సంవత్సరమున కాటలోనియా సీమలో నొక బాలిక జన్మింపగా, తల్లి పేరే ముందుండవలెనని ఆ దంపతులు పట్టుబట్టిరి. ఇట్టివారు పలువురు కోరగా 1999లో శాసనము మారి, ఏది ముందుంచవలెనో తలిదండ్రుల యిష్టమునకే విడువబడెను. ఆ బాలికయే ఫుట్‌బాల్ క్రీడాకారిణి ఐతానా బోన్మతీ.

ఆమె బాల్యమున బాలురతో గూడి యాడెను. 2012లో, పదునాలుగవ యేట, బార్సిలోనా క్లబ్బున జేరెను. మైదానము నడుమ నిలిచి, బంతి నందుకొని, ముందున్న వారికి దారి కల్పించుట యామె పని. 2023లో స్పెయిన్ ప్రపంచకప్పు గెలువగా, ఆ పోటీలలో ఉత్తమ క్రీడాకారిణి యామెయే. 2023, 2024, 2025 సంవత్సరములలో బాలన్ డోర్ బహుమానము నందెను. స్త్రీలలో వరుసగా మూడు మారులు పొందినవారిలో నామెయే మొదటిది.

2025 జూన్ నెలలో, యూరప్ ఖండపు పోటీలకు కొలది దినములు ముందుగా, మెదడు పొరల వాపుతో ఆసుపత్రిలో జేరెను. కోలుకొని వచ్చి, సెమీఫైనలున జర్మనీపై 113వ నిముషమున గెలుపు గోలు చేసెను. ఫైనలున ఇంగ్లండుతో పెనాల్టీలు వచ్చినప్పుడు ఆమె కొట్టిన బంతి యాపబడెను, స్పెయిన్ ఓడెను. అయినను ఆ పోటీల ఉత్తమ క్రీడాకారిణి గౌరవము ఆమెకే దక్కెను.

గెలుపునందును, ఓటమియందును లోకము పలికిన బోన్మతీ యను పేరు ఆమె తల్లిది. కూతురి కీర్తిలో కన్నతల్లి పేరును వినబడుట న్యాయమని మేము తలంతుము.