పలుగు వేయుటకు ముందు

కృష్ణకు దక్షిణపు డెల్టాలో, నేడు బాపట్ల జిల్లాలో చేరిన భట్టిప్రోలు గ్రామమున మహాస్తూప మొకటి యుండెడిది. పందొమ్మిదవ శతాబ్దమున డెల్టాలో కాలువలు త్రవ్వించి బాటలు వేయించుచున్న కాలమున ఆ స్తూపపు టిటుకలు బాటలపై పరచబడినవి; పాలరాతి పలకలు కాలువల కట్టడములలో చేరినవి. ప్రభుత్వపు పనులకు చేరువలో ఉచితముగా దొరకు సామగ్రియని తలచిరి. పలుగు వేయుటకు ముందు ఆ దిబ్బ యేమని యడుగు బాధ్యత యెవ్వరికిని లేకుండెను. 1892లో పురావస్తుశాఖకు చెందిన అలెగ్జాండరు రే మిగిలిన మొండిదిబ్బను త్రవ్వించినప్పుడు స్తూపగర్భమున మూడు రాతిభరిణెలు దొరకినవి. వానిపై చెక్కిన లేఖనములను బ్యూలరు పండితుడు చదివి 1894లో ప్రకటించెను. తెలుగునేలపై దొరకిన మిక్కిలి ప్రాచీనములైన లేఖనములలో అవి చేరినవి. కుబిరకుడను రాజు పేరు వానివలననే మనకు తెలిసినది. అవి లోతున నుండుటచేత మిగిలినవే గాని, బాటలు వేయించినవారి కనికరముచేత గాదు.

దీనికి పూర్వమే అమరావతియందు ఇట్టిది జరిగెను. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు చింతపల్లిని విడిచి కృష్ణయొడ్డున క్రొత్తపట్టణమును నిర్మించుచు, రాతికిని ఇటుకకును దీపాలదిన్నెను త్రవ్వించెను. సంగతి విని మెకంజీ దొర 1797లో వచ్చి చూచెను. 1816లో అతడు మరల వచ్చునప్పటికి దిన్నె నడుమ చెరువు త్రవ్వబడియుండెను. పిమ్మట పలకలు కొన్ని మచిలీపట్టణమునకును, కొన్ని మదరాసునకును, పెక్కులు లండనునకును పోయినవి. 1880లో గవర్నరు ఉత్తరువుపై దిన్నెను సమూలముగా ఖాళీచేయించిరి. ఆ మరుసటి యేట బర్గెసు పండితుడు వచ్చి చూడగా స్తూపమునకు బదులు గొయ్యి మిగిలియుండెను.

లండను ప్రదర్శనశాలలోని మన పలకలను తలచుకొని మనకు కోపము వచ్చుట సహజము. ఆ కోపములో న్యాయమును కలదు. అయినను దీపాలదిన్నెకు తొలిపలుగు వేయించినది దొర గాడు, మన జమీందారు. ఆయన దుష్టుడనియు మేమనము. దాతయని పేరొందినవాడు, దేవాలయములకు గోపురము లెత్తించినవాడు. ఊరు కట్టించుచున్నవానికి ఇటుక కావలసెను. ఇటుక చేరువలో నుండెను. నేడు మన రాష్ట్రములలో ప్రతిదినము జరుగుచున్నదియు నిదియే. ఇండ్లస్థలములకును, కర్మాగారములకును, నాలుగు వరుసల రహదారులకును, జలాశయములకును భూమి చదును చేయబడుచున్నది. పలుగుతో త్రవ్వు కూలివానికి ఇటుకగోడ తగిలినచో చేయి యాగును, పదిమంది మూగుదురు. జేసీబీ యని జనులు పిలుచు యంత్రమునకు చేయియు లేదు, కన్నును లేదు. ఊరొకటి మట్టిలారీలో నెక్కి పోయినను నడుపువానికి తెలియదు.

చట్టములు లేవా యని పాఠకులడుగవచ్చును. కలవు. 1904 నాటి చట్టమునకు పిమ్మట పార్లమెంటు 1958లో ప్రాచీన స్మారకముల చట్టమును చేసెను. ఆంధ్రప్రదేశ్ శాసనసభయు 1960లో తన చట్టమును చేసికొనెను. 2010లో కేంద్రచట్టమును సవరించి, రక్షితస్థలమునకు 100 మీటర్ల లోపల కట్టడములను నిషేధించి, ఆపైని 200 మీటర్లను అనుమతికి లోబరచిరి. ఇవి మంచివే. కాని న్యాయవాదవృత్తిలో నున్న మాకు వీనిని చదివినప్పుడెల్ల ఒక్క లోపము కానవచ్చుచున్నది. ఈ రక్షణ యంతయు ప్రకటింపబడిన స్థలమునకే. ప్రకటింపవలెనన్న అది యున్నదని తెలియవలెను. తెలియవలెనన్న ఎవరైన చూడవలెను. చూడవలసిన విధి మాత్రము ఎవరిపైనను లేదు. పర్యావరణపు అనుమతులను గూర్చి 2006లో వెలువడిన ప్రకటన ననుసరించి పెద్దపనులకు దరఖాస్తు చేయువాడు సమీపమున రక్షిత స్థలములున్నవో లేవో తెలుపవలెను. లేవని వ్రాసినవాడు అబద్ధమాడినవాడు గాడు. పట్టికలో లేనిది లేనిదే గదా! మట్టిక్రింద నేమున్నదని ఆ కాగితమడుగదు.

ఆ పట్టికయైన నెంత? ఇంతటి దేశమునకు కేంద్రరక్షణలో నున్నవి సుమారు 3,700 స్థలములు. వానిలో 1,655 స్థలములకు స్వయముగా పోయి చూచి, 92 కనబడుట లేదని ప్రభుత్వ లెక్కల తనిఖీ ప్రధానాధికారి 2013లో నివేదించెను. వానిలో కొన్నింటి జాడ పిమ్మట తెలిసినదందురు. అయినను పట్టిక కెక్కినవానికే యీ గతి పట్టినచో, పట్టిక కెక్కనివానికి దిక్కెవరు?

చూడ మొదలిడినచో పనులాగిపోవునని భయపడువారికి నాగార్జునకొండను చూపుదుము. సూరపరాజు వేంకటరామయ్యగారను బడిపంతులు ఆ లోయలో పాతరాతికంబమును చూచి మదరాసు ప్రభుత్వమునకు తెలిపిరి. శాసనపరిశోధనశాఖలో తెలుగు సహాయకులుగా నున్న రంగస్వామి సరస్వతిగారు 1926లో వచ్చి చూచిరి. 1927 మొదలు 1931 వరకు లాంగ్‌హర్స్టు దొరయు, 1938 మొదలు 1940 వరకు రామచంద్రన్‌గారును కొంతకొంత త్రవ్వించిరి. కృష్ణపై ఆనకట్ట నిశ్చయమైన పిమ్మట గదా అసలుపని సాగినది! 1954లో సుబ్రహ్మణ్యంగారి యాధ్వర్యమున లోయనంతను పరిశీలించి త్రవ్వ మొదలిడిరి. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు ఆనకట్టకు పునాదిరాయి వేసిరి. ఒకవైపు రాతిగోడకు ఏర్పాట్లు నడచుచుండగా, రెండవవైపు 1960 వరకు త్రవ్వకములు నడచినవి. పాతరాతియుగపు పనిముట్లు మొదలు మధ్యయుగపు కోట వరకు ఒక్క లోయలో మానవుని కథ పొరలుపొరలుగా బయటపడినది. ఇక్ష్వాకుల విజయపురి, నదియొడ్డున మెట్లుగల స్నానఘట్టము, మెట్లవరుసలతో కూడిన ప్రేక్షాగారము, విహారములు, చైత్యములు వెలికివచ్చినవి. ముఖ్యములైన తొమ్మిది కట్టడములను కొండపైకి తరలించి తిరిగి కట్టిరి. కొన్నింటిని అనుపునకు చేర్చిరి. 1966లో కొండపై ప్రదర్శనశాల వెలసెను. 1967లో ఆనకట్టయు పూర్తియయ్యెను.

లోయ మునిగినది. అది చిన్ననష్టమని మేమనము. తరలించి కట్టిన గోడ పుట్టినచోట నున్న గోడ గాదు. కాని పల్నాటి రైతునకును, నల్లగొండ రైతునకును నీరును కావలెను. అచ్చట మునిగినదేదో తెలిసి ముంచిరి. భట్టిప్రోలులో పోయినదేదో తెలియకయే పోగొట్టిరి. ఈ భేదమే మేము కోరునది. విశాఖపట్టణము చెంత నౌకాదళమువారు తమ స్థావరమునకై ఆకాశమునుండి నేలను పరిశీలించినప్పుడు తొట్లకొండపై శిథిలములు కంటబడినవి. 1988 మొదలు 1993 వరకు రాష్ట్రశాఖ అచ్చట త్రవ్వగా, సముద్రమున కెదురుగా బౌద్ధసంఘారామము, రాతిలో తొలిచిన తొట్లు, రోమను వెండి నాణెములు బయటపడినవి. కట్టుటకు ముందు చూచినందున దొరకిన సంపద యది. అది యాదృచ్ఛికముగా జరిగెనే గాని చట్టముచేత గాదు.

స్తూపమైనచో కంటికి ఆనును. కంటికి ఆనని వాని మాటయే మాకెక్కువ చింత కలిగించుచున్నది. తెలంగాణమునకు దక్షిణమునను, రాయలసీమయందును, బళ్లారి ప్రాంతమందును బూడిదదిబ్బలు కలవు. రాక్షసుల శవములు కాలిన బూడిదయని జనులు కథలు చెప్పుకొనిరి. 1957లో ఆల్చిన్ పండితుడు నాటి మహబూబ్‌నగరు జిల్లాలోని ఉట్నూరున నొకదానిని త్రవ్వగా, అది నాలుగువేల యేండ్లకు మించిన పశువుల దొడ్డి యనియు, పేరుకొనిన పేడ మాటిమాటికి కాలి ఆ దిబ్బ యేర్పడినదనియు తేలెను. ఆవుల గిట్టల గురుతులు సయితము పొరలలో నిలిచియుండెను. మన సీమలో పశువులను పెంచి బ్రతికిన తొలిజనుల చరిత్రకు ఆ బూడిదయే తాళపత్రము. చదును చేయువానికి మాత్రము అది బూడిదయే.

అట్లే పాటిదిబ్బలు. పాటిమన్ను పొలమునకు తోలుకొనుట మన రైతుల పాతవాడుక. ఆ మట్టి బలమైనదని రైతెరుగును. పూర్వమచ్చట నున్న ఊరి పెంటయు, బూడిదయు, ఎముకలునే ఆ బలమని యోచింపడు. ఎడ్లబండితో తోలిన కాలమున దిబ్బ తరుగుటకు తరములు పట్టెడిది. నేడు కొన్ని దినములు చాలును. ఇక రాకాసిగుళ్లని జనులు పిలుచు ఇనుపయుగపు సమాధులు తెలంగాణమున బహుళము. హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆవరణలోనే అట్టివానిని 2002-03 ప్రాంతమున త్రవ్వి చూచిరి. అది విద్యాస్థానము గనుక చూచిరి. చుట్టును లేచిన సౌధములకు పునాదులు త్రవ్వినవారికి అట్టి విధి యేదియు లేకుండెను.

పరదేశములందు ఈ విధిని చట్టమే మోపినది. జపానులో 1950 నాటి సాంస్కృతిక సంపద చట్టము ననుసరించి, పూర్వశేషములున్నట్లు తెలిసిన భూమిని త్రవ్వదలచినవాడు ముందుగా తెలియజేయవలెను. లండనులో 1989లో నొక వ్యాపారభవనమునకు పునాదులు తీయుచుండగా షేక్స్పియరు కాలపు రోజు నాటకశాల బయటపడి పెద్ద యలజడి రేగెను. మరుసటి యేటనే ప్రభుత్వము, అనుమతి నిచ్చుటకు ముందే భూమిని పరిశీలింపజేయవలెననియు, ఆ వ్యయమును కట్టువాడే భరింపవలెననియు విధానము ప్రకటించెను. 1992లో ఐరోపాదేశములు వాలెట్టాలో నొడంబడిక చేసికొనెను. ఫ్రాన్సు 2001లో ప్రత్యేకముగా చట్టము చేసెను. మన స్తూపపు టిటుకలను బాటపై పరచిన పాలకుల దేశము తన ఇటుకలను ఇంత భద్రముగా చూచుకొనుచుండగా, స్వతంత్రులమైన మనము నాటి బాటకంట్రాక్టరు పద్ధతినే పట్టుకొని వ్రేలాడుట యేమి మర్యాద?

చూచుట యనగా ఏండ్లకొలది త్రవ్వుట గాదు. పాత పటములను, గ్రామపు లెక్కలను తిరుగవేయుట; పంట కోసిన పిమ్మట పొలములో నడచి కుండపెంకుల నేరి చూచుట; అనుమానమున్నచోట నాలుగు పరీక్షగుంటలు తీయుట. పెక్కుచోట్ల ఏమియు దొరకదు, పని సాగిపోవును. దొరకినచోటనైనను పని నాపుట యొక్కటియే మార్గము గాదు. పునాదిని ప్రక్కకు జరుపవచ్చును. లేఅవుటులో ఎట్లును విడువవలసిన ఖాళీస్థలమును ఆ దిబ్బ యున్నచోటనే విడువవచ్చును. ఏదియు సాధ్యము గానిచో త్రవ్వి, పటములు వ్రాసి, వస్తువులను భద్రపరచి, పిమ్మట కట్టవచ్చును.

దీనిపై వచ్చు ఆక్షేపణలలో మేము గౌరవించున దొకటి కలదు: మరొక అనుమతి యనగా మరొక గుమాస్తా, మరొక లంచము. కచేరీల చుట్టు తిరిగిన మాకు ఇది తెలియనిది గాదు. కావున చట్టములో గడువుండవలెను. ఆ దినములలో శాఖ నోరు మెదపనిచో అనుమతి యిచ్చినట్లే యెంచవలెను. నివేదిక ప్రజలందరు చదువునట్లు ప్రకటింపబడవలెను. స్వంతయిల్లు కట్టుకొను బీదవానిని ఇందులోనికి లాగరాదు. పెద్దభూములకే యీ విధి వర్తింపవలెను. వ్యయము కట్టువానిదే కావలెను.

రైతు భయమును గూడ తీర్పవలెను. 1878 నాటి నిధినిక్షేపముల చట్టము, భూమిలో దాగి పది రూపాయలకు మించిన విలువగల వస్తువు దొరకినచో కలెక్టరునకు తెలుపవలెనని, తెలుపనిచో శిక్షయని చెప్పుచున్నది. తెలిపినవానికి కలుగు లాభమేమో గ్రామములో నెవరికిని తెలియదు. పోలీసులు వత్తురని మాత్రము తెలియును. అందుచేత నాగలికి విగ్రహము తగిలినవాడు రాత్రికిరాత్రి దానిని తిరిగి పూడ్చును, లేదా బేరగానికి చూపును. భూమి పోవునను భయమున్నంతకాలము రైతు నోరు విప్పడు. నిజము తెలిపిన రైతునకు బహుమానమును, పంటనష్టమునకు పరిహారమును గడువులోపల చేతికందవలెను.

ఈ మాట నిప్పుడు చెప్పుటకు కారణము కలదు. వాసిరెడ్డివారి యమరావతికి చేరువనే, కృష్ణయొడ్డున, రైతులు కూర్చి యిచ్చిన సుమారు 34 వేల యెకరములలో రాజధానికి 2015 అక్టోబరు 22వ తేదీన శంకుస్థాపన జరిగెను. ఉండవల్లి గుహలు ఆ ప్రాంతముననే యున్నవి. రెండువేల యేండ్లుగా జనులు బ్రతికిన ఒడ్డది. కట్టవలదని మేమనుట లేదు, రాజధాని కావలెను. ఏ వీధికైనను పునాది తీయుటకు ముందు ఆ నేలను చూచి, చూచినదానిని అచ్చువేయించి గ్రంథాలయములకు పంపవలెనని మాత్రము కోరుచున్నాము. తెలంగాణమున జలాశయములకును, కర్మాగారవాడలకును ఇదే కోరిక వర్తించును.

శాసనసభలు కదలువరకు మనము చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కరలేదు. ఈ పత్రికను పఠనాలయములో చదువుచున్నవారు తమ గ్రామములోని పాటిదిబ్బలను, బూడిదదిబ్బలను, రాకాసిగుళ్లను, పొలముగట్లపై పడియున్న శాసనపు రాళ్లను పట్టికగా వ్రాసి, ఒక ప్రతిని పురావస్తుశాఖకును, ఒక ప్రతిని కలెక్టరుకచేరికిని పంపి, మూడవప్రతిని పఠనాలయమున నుంచవలెను. బడిపంతులు పంపిన సమాచారముననే గదా నాగార్జునకొండ వెలుగులోనికి వచ్చినది! పట్టికలో ప్రతిదిబ్బకు సర్వేనెంబరు తప్పక వేయుడు; అది లేనిదే కచేరీలో కాగితము కదలదు.